రెండో బేస్ కింది బావి

గ్యాలరీ కట్టినంక ప్రిన్సిపాల్ మేడం
శిలాఫలకం మీద రెండు వాక్యాలు చెక్కించింది.
మొదటిది దాత పేరు.
రెండోది: ఇంతకు ముందు ఇది ఖాళీ స్థలం.

నేను సున్నం డబ్బా పట్టుకొని నిలబడ్డ.
చదువుకున్నోళ్ల రాత, నేనేమనలే.

పొద్దున ఆరింటికి నా పని.
మేకు కొట్టి, దారం గుంజి,
హోం ప్లేటు నుంచి మొదటి బేస్ దాకా
తొంభై అడుగులు తెల్లగ గీస్త.
ఫ్రాన్సిస్ సార్ అంటడు,
జంగయ్యా, నీ గీత తాడు లెక్క ఉంటది.
ఉండదా మరి.
ఇదే వరుస మీద మా అమ్మ
అనాబ్షాహి తీగలకు తాళ్లు కట్టింది
పదకొండేండ్లు.

మొహియుద్దీన్ సాబ్ తోట ఇది.
ఉప్పల్ దాటి బస్సు దిగితే
వాసనే దారి చూపెడుతుండె.
పందిరి కింద పట్టపగలు చీకటి,
ఆ చీకట్ల ఆడోళ్ల గాజులు, కత్తెర్లు.
గుత్తి సాబుది, రాలిన పండు మాది.
అమ్మ కొంగుల కట్టుకొచ్చేది,
సగం పులుపు, సగం మన్ను.

రెండో బేస్ కాడ బావి ఉండె.
రాతి మెట్లు, పదహారు గజాల లోతు.
కరెంటు మోటారు పెట్టిన రోజు
సాబు అందరికీ లడ్డూలు పంచిండు.
తర్వాత చుట్టూ బోర్లు పడ్డయి.
ఒక ఎండాకాలం మోటారు గాలి మింగింది.
ముందు తోట అంచుల తీగలు ఎండినయి,
తర్వాత మనుషులు.

కడీలు పీకిండ్రు. ఇనుప తీగ కిలోల లెక్క అమ్మిండ్రు.
కడీల తావుల నంబర్ల రాళ్లు లేచినయి.
నలభై రెండో ప్లాటు మీద మా నాయన
కోర్టు తేలేదాక కాపలా ఉన్నడు,
తొమ్మిదేండ్లు, ఒక కుక్క, ఒక టార్చిలైటు.
తేలినంక కాలేజి వచ్చింది.
ఆ రాళ్లే, ఆ నంబర్లే పోసి బావి పూడ్చిండ్రు.
ఆఖరి లారీ నిండ
సాబు ఇంటి పెంకులు.

ఇప్పుడు దాని మీదికి
దేవ్లీ జారుకుంట వస్తది
మోకాలు గీరుకపోయి, దుమ్ము లేసి.
అంపైర్ చేతులు చాపి సేఫ్ అంటడు.
నాకు మాత్రం గుండె జల్లుమంటది.
ఏటా మిరుగు వానలు పడంగనే
అక్కడ భూమి బెత్తెడు కుంగుతది.
రెండు ట్రాక్టర్ల ఎర్రమన్ను పోసి రోలర్ తిప్పుత.
ఎంత పోసినా దాని దూప తీరది.
మన్ను ఏడికి పోతుందయ్యా అని
బిల్లు చూసి అకౌంటెంట్ అడుగుతడు.
కిందికి, అంట.

ఈ ఆట నాకు మొదట్ల సమజ్ కాలే.
ఇంటి నుంచి బయలెల్లాలె,
మూడు మూలలు ముట్టాలె,
మళ్ల ఇంటికొస్తేనే ఒక్క పరుగు.
మూడో మూల దాకా వచ్చి
అక్కడే నిలబడిపోయినోళ్లను
స్కోరు పలక మీద రాయరు.
సాలమ్మ. బీబీజాన్. కుంటి ఎంకటి.
పందిరి మీదికెల్లి పడ్డ పోశాలు.
ఆ సాయంత్రం కూడ కూలి లెక్క కట్టిండ్రు, సగం దినం.

మొన్న నౌషీన్ బంతి విసరబోయి ఆగింది.
బూటుకు ఏదో తగిలింది. వంగి పీకింది.
తుప్పు పట్టిన తీగ, జానెడు.
"అంకుల్, ఇదేంది?"
పందిరి తీగ బిడ్డా, అన్న.
"ఇక్కడ ఎవరి పెండ్లి అయింది?"

నవ్వొచ్చింది.
చెప్పుడు మొదలు పెడితే ఆట ఆగుతది,
సార్ గడియారం దిక్కు చూస్తుండు.
తీగ జేబుల వేసుకున్న.

ఆ రాత్రి గేటు తాళం వేసే ముందు
రెండో బేస్ సంచి లేపి
మళ్ల పెట్టిన,
ఒక జానెడు ఇవతలికి,
బావి నోటి మీద నుంచి గట్టు దిక్కు.

ఇప్పటిదాక ఎవరూ కొలవలే.